టీసీపీ, యూడీపీ, క్విక్: సందేశాలు చేరవేయడానికి ఏది మేలు?

ఇంటర్నెట్‌లో ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి డేటా చేరవేసే నియమావళుల్లో (ప్రోటోకాల్‌లలో) టీసీపీ నమ్మకమైనదని, యూడీపీ వేగవంతమైనదని తరచూ చెబుతుంటారు. కొత్త అప్లికేషన్‌కు ప్రోటోకాల్ ఎంచుకునేవారికి ఈ మాట పెద్దగా ఉపయోగపడదు. రెండూ ఐపీ ప్యాకెట్లలోనే, అంటే ఇంటర్నెట్‌లో డేటాను మోసుకెళ్లే చిన్న పొట్లాల్లోనే ప్రయాణిస్తాయి గనుక, దారిలో యూడీపీకి ప్రత్యేకమైన వేగమేమీ ఉండదు. అసలు తేడా ఒక ప్యాకెట్ మధ్యలో పోయినప్పుడు బయటపడుతుంది. కాబట్టి ఆలస్యంగా అందిన సందేశానికి ఇంకా విలువ ఉంటుందా అని ముందుగా అడగాలి.

ఉంటుందంటే టీసీపీయే మేలు. అది మూడు అంచెల పలకరింపుతో కనెక్షన్ ఏర్పరచి, పంపే ప్రతి బైటుకూ వరుస సంఖ్య ఇచ్చి, అందినట్లు అవతలి నుంచి కబురు రాకపోతే మళ్లీ పంపుతుంది. ఐదో ప్యాకెట్ పోతే, ఆరు, ఏడు ముందే చేరినా వాటిని అప్లికేషన్‌కు ఇవ్వకుండా ఐదోది వచ్చేదాకా ఆపుతుంది. ఫైలుకు, మెయిలుకు ఇది తప్పనిసరి; ఫోన్ సంభాషణలో మాత్రం రెండు సెకన్ల కిందటి మాటను ఇప్పుడు వినిపించడం వల్ల ప్రయోజనం లేదు.

టీసీపీ చేసే మరో మేలును చాలామంది లెక్కలోకి తీసుకోరు. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికీ మధ్య నెట్‌వర్క్ వేగం రద్దీ వల్ల సెకనుకు 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. ఆ అనుభవంతో అదే ప్రయోగశాల పరిశోధకుడు వాన్ జాకబ్సన్ 1988లో ప్రచురించిన పద్ధతుల ఫలితంగా, దారి ఇరుకైందని గ్రహించగానే టీసీపీ తానే వేగం తగ్గించుకుంటుంది.

ఇంటర్నెట్ రూపకర్తల్లో ఒకరైన జాన్ పోస్టెల్ 1980లో మూడు పేజీల్లో నిర్వచించిన యూడీపీకి ఇవేవీ తెలియవు. డేటాకు ముందు చేర్చే వివరాలకు, అంటే హెడర్‌కు, టీసీపీలో కనీసం 20 బైట్లు కావాలి, దీనికి ఎనిమిదే చాలు. అయితే ఇందులో ఒక్కో సందేశం విడిగా, హద్దులు చెదరకుండా అందుతుంది. టీసీపీలో రెండుసార్లు పంపినది అవతల ఒకే ముద్దగా చేరవచ్చు. కొత్త ప్రోగ్రామర్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే. వెబ్‌సైట్ పేరును బట్టి దాని ఐపీ చిరునామా చెప్పే, ఒక ప్రశ్న, ఒక జవాబుతో ముగిసే డీఎన్‌ఎస్‌కు యూడీపీ చక్కగా సరిపోతుంది. జవాబు పట్టనంత పెద్దదైతే అది కూడా టీసీపీని ఆశ్రయిస్తుంది.

వేగం కోసమని యూడీపీని ఎంచుకుని, ఆపైన వరుస సంఖ్యలు, రసీదులు, మళ్లీ పంపడాలు ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోయేవారు చివరికి ఒక బలహీనమైన టీసీపీని తయారుచేసుకుంటారని నా అభిప్రాయం. ఆ పనినే శ్రద్ధగా చేసిన ప్రోటోకాల్ క్విక్. గూగుల్‌లో మొదలై 2021లో ప్రమాణంగా స్థిరపడిన ఇది యూడీపీ మీద నడుస్తూనే, ఒకే కనెక్షన్‌లో సాగే వేర్వేరు డేటా వరుసలను (ప్రవాహాలను) వేరుచేస్తుంది; ఒక ప్రవాహంలో ప్యాకెట్ పోయినా మిగిలినవి ఆగవు. గుప్తీకరణ ఏర్పాటు కూడా తొలి పలకరింపులోనే ముగుస్తుంది. ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా కనెక్షన్ కొనసాగగలదు. వెబ్ పేజీలను తెచ్చే హెచ్‌టీటీపీ మూడో వెర్షన్‌కు ఇదే ఆధారం.

వెబ్‌కు నేను క్విక్‌నే ఎంచుకుంటాను. అయితే నెట్‌వర్క్‌కు కాపలా కాసే కొన్ని ఫైర్‌వాల్‌లు యూడీపీని అడ్డుకుంటాయి, అప్పుడు బ్రౌజర్ టీసీపీకి మళ్లుతుంది గనుక, సర్వర్‌లో ఆ దారినీ తెరిచే ఉంచాలి.