పారానార్మన్: ఈసారి పిల్లల పక్కన కూర్చుని మీరూ చూడండి

2012లో మూడు నెలల్లో మూడు దెయ్యాల యానిమేషన్ సినిమాలు వచ్చాయి. ఆగస్టులో పారానార్మన్, సెప్టెంబరులో హోటల్ ట్రాన్సిల్వేనియా, అక్టోబరులో ఫ్రాంకెన్‌వీనీ. హోటల్ ట్రాన్సిల్వేనియాకి సీక్వెళ్ల మీద సీక్వెళ్లు వచ్చాయి, ఫ్రాంకెన్‌వీనీకి డైరెక్టర్ టిమ్ బర్టన్ పేరే చాలు. పారానార్మన్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది గానీ అవార్డు బ్రేవ్ అనే సినిమా పట్టుకుపోయింది, ఆ తర్వాత దీని ఊసెత్తేవాళ్లు తక్కువ. నన్నడిగితే మూడింట్లోకీ ఇదే మేలు.

కథ అమెరికాలో, మసాచుసెట్స్‌లోని ఒక కల్పిత ఊళ్లో జరుగుతుంది. మూడొందల ఏళ్ల కిందట మంత్రగత్తె అని ముద్రేసి ఒకరిని చంపిన ఊరు, ఇప్పుడు అదే మంత్రగత్తె బొమ్మ చూపించి టూరిస్టుల దగ్గర డబ్బులు లాగుతుంటుంది. అదే రాష్ట్రంలోని సేలంలో 1692లో మంత్రాలు చేస్తున్నారని నిజంగానే 19 మందిని ఉరితీశారు కాబట్టి ఈ వెటకారం ఎవరి మీదో తెలుస్తూనే ఉంటుంది. ఆ ఊళ్లో ఉండే నార్మన్ అనే కుర్రాడికి చచ్చిపోయినవాళ్లు కనిపిస్తారు, పోయిన నాయనమ్మతో కలిసి కూర్చుని టీవీ చూస్తాడు, ఇంట్లో ఎవరూ నమ్మరు.

మొదటిసారి చూస్తే సమాధుల్లోంచి లేచొచ్చే శవాలు, అదే జాంబీలే విలన్లు అనుకుంటాం. రెండోసారి చూడండి, అసలు భయం ఎక్కడుందో తెలుస్తుంది. శవాలు ఊళ్లోకి నడుచుకుంటూ వస్తుంటే ఒకడు చిప్స్ మెషిన్ ముందు ప్యాకెట్ ఎప్పుడు పడుతుందా అని పారిపోకుండా ఆగుతాడు, పగలబడి నవ్వుతాం, కాసేపటికే అదే జనం చేతికి దొరికింది పట్టుకుని వెంటపడితే శవాలే వణికి పారిపోతాయి! చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పేపర్లలోనూ చదివాం కదా, ఆ గుంపు సీన్ నాకైతే కార్టూన్‌లా అనిపించలేదు. ఇక ఆ మంత్రగత్తె ఎవరో తెలిసే చోటు గురించి చెప్పను, అది చెప్తే సినిమా చెప్పేసినట్టే.

తీసింది అమెరికాలోనే ఒరెగాన్ రాష్ట్రంలోని లైకా స్టూడియో, బొమ్మల్ని చేత్తో కొంచెం కొంచెంగా కదుపుతూ ఫ్రేము ఫ్రేముగా. మొహాల్ని కలర్ త్రీడీ ప్రింటర్‌లో అచ్చుకొట్టి, హావభావం మారినప్పుడల్లా మొహం మార్చారు. నార్మన్ ఫ్రెండ్ నీల్ బుగ్గల మీద చుక్కలు చూడండి, చేత్తో రంగులేస్తే అన్ని మొహాల మీదా అవి ఒకేలా రావడం అయ్యే పని కాదు.

లోపాలు లేవని కాదు. మధ్యలో వ్యాన్ ఛేజింగ్ సాగుతుంది, నార్మన్ అక్క పాత్ర హైస్కూల్ సినిమాల్లో చూసి చూసి అలిసిపోయిన టైపే. మరీ చిన్న పిల్లలకి వద్దు, ఎనిమిదేళ్లు దాటితే పర్లేదు, అదీ క్లైమాక్స్‌లో మీరు పక్కన ఉంటే. పేర్లు పడగానే ఆపేయకండి, చివర్లో నార్మన్ బొమ్మని మొదటి నుంచీ ఎలా తయారుచేశారో ఫాస్ట్‌గా చూపిస్తారు.