ఐదు రోజుల ఆట కోసం: మెల్‌బోర్న్, గాలే

బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లం చాలామందిమి. విదేశాల్లో టెస్టు మ్యాచ్‌లు చూసొచ్చామని తెలిసినప్పటి నుంచి లిఫ్టులో ఎదురైనవాళ్లంతా అడిగేది ఒకటే: టికెట్లు ఎలా దొరికాయి, ఎంతయింది? అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకోటి ఉందని నేనంటాను. బస చేసిన గది నుంచి మైదానం గేటు దాకా నడిచి వెళ్లగలమా? టీ20 అయితే ఒక్క పూట ఎలాగో సర్దుకుంటాం. టెస్టంటే ఐదు రోజులు, రోజుకు ఆరు గంటల పైచిలుకు ఆట. మాతో డెబ్బై దాటిన నాన్న కూడా ఉన్నారు. పొద్దున గంట, సాయంత్రం గంటన్నర ప్రయాణానికే పోతే మూడో రోజుకల్లా మనిషి అలిసిపోతాడు, అసలు ఆట రక్తికట్టేదేమో అప్పుడే.

2024 డిసెంబరులో భారత్-ఆస్ట్రేలియా బాక్సింగ్ డే టెస్టుకు (క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే మ్యాచ్) మెల్‌బోర్న్ వెళ్లాం. బెంగళూరు నుంచి సిడ్నీకి నేరుగా విమానం ఉన్నా, మేం సింగపూర్ మీదుగా నేరుగా మెల్‌బోర్న్‌లో దిగేదే ఎంచుకున్నాం. నాన్నకు మధ్యలో కాళ్లు చాపుకునే వీలు దొరికింది, సిడ్నీలో సామాను తీసుకుని మళ్లీ దేశీయ విమానం ఎక్కే పనీ తప్పింది. వీసాకు ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. క్రిస్మస్ రద్దీ మొదలయ్యే లోపే ఆ పని ముగించుకోవడం మంచిది.

మా పిన్ని కొడుకు టార్నీట్‌లో ఉంటాడు. నగరానికి పడమటి వైపు, మనవాళ్లు బాగా స్థిరపడ్డ శివారు. "ఇల్లు పెట్టుకొని హోటలేంటికన్నా?" అని వాడు పట్టుబట్టాడు. మ్యాచ్‌కు ముందు రోజులన్నీ వాళ్లింట్లోనే గడిపాం. కానీ అక్కడి నుంచి మైదానానికి వెళ్లాలంటే వీలైన్ (V/Line) అనే ప్రాంతీయ రైల్లో సదరన్ క్రాస్ స్టేషన్‌కు వచ్చి, మరో రైలు మారి, రిచ్‌మండ్‌లో దిగి నడవాలి. ఎనభై వేల జనంతో పాటు బయటపడ్డాక అదే దారిలో తిరిగి వెళ్లడం నాన్న వల్ల కాదు. తమ్ముడు నొచ్చుకున్నా, ఆట జరిగే రోజులకు ఫ్లిండర్స్ స్ట్రీట్ దగ్గర వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. మొత్తం ప్రయాణంలో మాకు బాగా కలిసొచ్చిన నిర్ణయం అదే.

అక్కడి నుంచి ఎంసీజీకి (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) నడిచే దారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఫెడరేషన్ స్క్వేర్ దాటి యారా నది ఒడ్డున బిరారంగ్ మార్ పార్కులోకి దిగితే, ఆ చివర విలియం బరాక్ వంతెన మైదానం దాకా తీసుకెళుతుంది. దారంతా రెండు దేశాల జెర్సీలు, పిల్లలను భుజాన ఎక్కించుకున్న తండ్రులు. నాన్న బెంచీల మీద ఆగుతూ, రేడియో రోజుల్లో విన్న పేర్లు తలుచుకుంటూ నడిచారు. 1877 మార్చిలో ప్రపంచంలో మొట్టమొదటి టెస్టు జరిగింది ఇక్కడేనని మనవరాలికి చెప్పారు. కారులో వెళ్లి ఉంటే ఆ పొద్దుటి పూట మాకు దక్కేది కాదు.

బస విషయంలో ఒక చేదు అనుభవం. ముందుగా బుక్ చేసుకున్న ఒక ఫ్లాట్ యజమాని మ్యాచ్ దగ్గరపడ్డాక మా బుకింగ్ రద్దు చేసి, అదే ఫ్లాట్‌ను ఎక్కువ అద్దెకు మళ్లీ పెట్టాడు. డబ్బు వాపసు వచ్చింది కానీ, ఆ వారంలో చవకైన గది ఇంకెక్కడుంటుంది? అందుకే బాక్సింగ్ డే వారానికి వ్యక్తుల ఇళ్లకంటే, రాత్రీపగలూ రిసెప్షన్ ఉండే చోటు నయం. పది శాతం ఎక్కువైనా ఇవ్వండి. మైదానానికి ఎదురుగా ఉండే ఈస్ట్ మెల్‌బోర్న్ చెట్లతో, ప్రశాంతంగా ఎంతో బాగుంటుంది, ధర మాత్రం మా స్తోమతకు మించింది.

తిండి సంగతికొస్తే, డిసెంబరు 25న అక్కడ రైళ్లు, ట్రాములు ఉచితం కానీ కొట్లు దాదాపు అన్నీ మూత. పెరుగు, కూరగాయలు 24నే కొని పెట్టుకోవాలి. మనూరి నుంచి కరివేపాకు, తాజా పండ్లు, నేతి మిఠాయిలు తీసుకెళ్లవద్దు. తినేది ఏదైనా విమానాశ్రయంలో కార్డు మీద రాసి చూపించాలి, దాచిపెడితే జరిమానా గట్టిగా ఉంటుంది. సీలు వేసిన పచ్చళ్లు, పొడులు చూపించి తీసుకెళ్లాం, మాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఎంసీజీలోకి ఇంటి తిండి రానిస్తారు, గాజు సీసాలు, కూల్‌డ్రింకు టిన్నులు మాత్రం కుదరవు. మా ఆవిడ పొద్దున్నే కలిపిన పులిహోర లంచ్ విరామంలో విప్పితే వెనక వరసలో ఉన్న విశాఖ కుర్రాళ్లు వాసన పట్టేశారు. వాళ్ల దగ్గర చపాతీలు, మా దగ్గర పులిహోర, అలా పరిచయం. మన దేశంలో చాలా మైదానాల్లో బయటి తిండి గేటు దగ్గరే తీసేస్తారు. షుగరున్న పెద్దవాళ్లను రోజంతా లోపల కూర్చోబెట్టే ఆటకు ఆ నియమం న్యాయం కాదు. మార్చితీరాలి.

సీట్ల గురించి నా అభిప్రాయం ఇది. టెస్టును పక్క నుంచి చూడకూడదు. బంతి లోపలికొచ్చిందో బయటికెళ్లిందో పక్క నుంచి తెలియదు. బౌలర్ వెనకగా, పై అంతస్తులో కూర్చోవాలి. బంతి చిన్నదిగా కనబడినా దాని దారి తెలుస్తుంది, ఫీల్డర్లు ఒక్కో అడుగు జరగడం కూడా కనబడుతుంది. మేం షేన్ వార్న్ స్టాండ్ పై భాగంలో తీసుకున్నాం. అది దక్షిణం వైపు స్టాండు, ఆ దేశంలో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. కింది వరసల వాళ్లకు ఎండ ముఖాన కొడుతుంది, పైన కప్పు నీడ ఉంది. నీడలో ఉన్నా సన్‌స్క్రీన్ రాసుకోకుండా వెళ్లొద్దు, అక్కడి ఎండ మన రాయలసీమ ఎండలా కాదు, వేడి తెలియకుండానే చర్మం కాలిపోతుంది.

మూడో రోజు, డిసెంబరు 28. ఆస్ట్రేలియా 474 కొట్టింది. మనవాళ్లు 221కే ఏడు వికెట్లు పోగొట్టుకున్నారు, ఫాలో ఆన్ (వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగాల్సి రావడం) తప్పించుకోవాలంటే 275 కావాలి. అక్కడ నిలబడ్డారు నితీశ్ కుమార్ రెడ్డి, వాషింగ్టన్ సుందర్. ఎనిమిదో వికెట్‌కు 127 పరుగులు. నితీశ్ యాభై దాటి బ్యాటును గడ్డం కింద అలా తిప్పగానే మా స్టాండులో తెలుగు కేకలు మిన్నంటాయి. "కుమ్మెయ్ తమ్ముడూ!" అని ఎవరో అరిస్తే, ఎక్కడో దూరం నుంచి ఇంకెవరో తెలుగులోనే అందుకున్నారు. సుందర్ వెళ్లిపోయాడు. బుమ్రా సున్నాకే ఔట్. నితీశ్ 99 మీద అవతలి ఎండులో, కమిన్స్ బంతులు ఎదుర్కోవాల్సింది సిరాజ్. మూడు బంతులు. మన హైదరాబాదు కుర్రాడు ఒక్కో బంతి ఆడుతుంటే వికెట్ పడ్డట్టు, పడనట్టు గుండె ఆగి కొట్టుకుంది. మూడో బంతినీ కాచుకోగానే, శతకం కొట్టినంతగా చప్పట్లు. తర్వాతి ఓవర్లో బోలండ్ బంతిని నితీశ్ మిడాన్ మీదుగా లేపి నాలుగు కొట్టాడు. మోకాలి మీద వంగి, బ్యాటు నిలబెట్టి, దాని మీద హెల్మెట్ పెట్టాడు. కొడుకు ఆట కోసం విశాఖలో హిందూస్థాన్ జింక్ ఉద్యోగం వదిలేసిన ముత్యాలరెడ్డి గారు స్టాండులో ఏడుస్తూ దండం పెట్టడం పెద్ద తెర మీద చూశాం. నాన్నకూ కళ్లు చెమర్చాయి. నాకు తెలిసి ఆయన మా పెళ్లిళ్లలో కూడా ఏడవలేదు.

పక్కనున్న ఆస్ట్రేలియా పెద్దాయన లేచి నిలబడి నాన్న చెయ్యి పట్టుకుని ఊపాడు. మొదటి రోజు 87,242 మంది, ఐదు రోజులకు కలిపి 3,73,691 మంది వచ్చారు, ఆ మైదానం చరిత్రలోనే అది రికార్డు. అంతమందిలో మేం ఎక్కడా తోపులాట చూడలేదు. గేట్ల బయట విశాలమైన యారా పార్కు ఉంది, జనం చెట్ల మధ్యకు విడిపోయి, జోలిమాంట్, రిచ్‌మండ్ స్టేషన్ల వైపు, వంతెన వైపు తలో దారీ పట్టారు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, 2025 జూన్ 4న మన చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు పోయాయి. అప్పటి నుంచి ఏ మైదానానికి వెళ్లినా నేను ముందు చూసేది గేట్లు ఎన్ని ఉన్నాయి, వాటి ముందు ఎంత ఖాళీ ఉందని. చిన్నస్వామిని ఆనుకునే కబ్బన్ పార్క్ ఉంది, మెట్రో ఉంది. నడిచి చేరే వసతిలో మన మైదానం దేనికీ తీసిపోదు. జనం నిలబడటానికి చోటు, వాళ్లను నడిపించే పద్ధతి కావాలి.

శ్రీలంకలోని గాలే దీనికి పూర్తిగా వేరు. 2017 జులైలో భారత్-శ్రీలంక టెస్టుకు వెళ్లాం. బెంగళూరు నుంచి కొలంబోకు నేరుగా విమానం, అక్కడి నుంచి సముద్రం పక్కనే సాగే రైలు. స్టేషన్ దిగితే బస్టాండు, దాన్ని దాటితే మైదానం, దాని వెనకే డచ్చివాళ్లు బలపరిచిన కోట. ఊరంతా గుప్పిట్లో పట్టినట్టుంటుంది. కోటలో ఒక ఇంటి గదిలో దిగాం. ఆ ఇంటావిడ పొద్దున ఇడియాప్పం, పొల్ సంబోల్ (కొబ్బరి పచ్చడి), పరిప్పు (పప్పు) పెట్టేది, నాన్నకు ఇంటి భోజనంలాగే అనిపించింది. గదికి ఏసీ సరిగా లేదు, జులై ఉక్కపోతలో అది ఇబ్బందే. ఉనవటునా బీచ్ దగ్గర ఇంకా మంచి గదులున్నాయి, కానీ రోజూ ఆటోలు మాట్లాడుకోవాలి. టికెట్ మైదానం దగ్గరే దొరికింది. కాసేపు కోట గోడ మీద ఊరివాళ్లతో కూర్చుని కూడా చూశాం. అక్కడ బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు వినబడుతుంది, ఎంసీజీ పై అంతస్తులో అది దొరకదు. 2004 సునామీలో ఈ మైదానం మొత్తం దెబ్బతింది, మళ్లీ టెస్టు ఆడటానికి 2007 డిసెంబరు దాకా పట్టింది. 2010లో మురళీధరన్ తన చివరి టెస్టులో తాను వేసిన ఆఖరి బంతికి 800వ వికెట్ తీసిందీ ఇక్కడే. స్టాండులో కూర్చున్న ఒక గాలే మాస్టారు ఆ రోజు గురించి చెబుతుంటే ఆట విరామం ఎలా అయిపోయిందో తెలియలేదు. మరుగుదొడ్లు మాత్రం మెల్‌బోర్న్‌తో పోల్చలేం. ఆడవాళ్లతో వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఖర్చు, సెలవు రెండూ తక్కువగా ఉంటే ముందు గాలే వెళ్లండి. సౌకర్యం, పెద్ద జనసందోహం, మనవాళ్ల తోడు కావాలంటే డబ్బు కూడబెట్టుకుని మెల్‌బోర్న్. పెద్దవాళ్లను తీసుకెళ్తే నేను మెల్‌బోర్న్‌కే ఓటేస్తాను.

తిరుగు టికెట్ మాత్రం ఐదో రోజు సాయంత్రానికి ఎప్పుడూ తీసుకోవద్దు. గాలేలో ధవన్ 190, పుజారా 153 కొట్టాక మనవాళ్లు 304 పరుగుల తేడాతో నాలుగో రోజే గెలిచేశారు, ఐదో రోజు మాకు కోట చూడటానికి మిగిలింది. మెల్‌బోర్న్‌లో 340 లక్ష్యానికి టీ విరామం దాకా మూడే వికెట్లు పోయాయి, డ్రా చేస్తామనే నమ్మకంతోనే ఉన్నాం. ఆఖరి ఏడు వికెట్లు 34 పరుగుల తేడాలో పడిపోయి, 184 పరుగుల తేడాతో ఓడాం. ఆ గంటలో మా వెనక వరసలో ఒక కుటుంబం విమానానికి టైమైందని లేచి వెళ్లిపోవాల్సి వచ్చింది. మా విమానం మర్నాడు రాత్రికి. చివరి వికెట్ దాకా కూర్చుని, జైస్వాల్ ఆడిన 84 గురించి నాన్నతో వాదించుకుంటూ వంతెన మీదుగా గదికి నడిచి వెళ్లాం.