అబిడ్స్ పాత పుస్తకాల పట్టా: చివరి పేజీలు చూసి కొనండి

ఆదివారం అబిడ్స్‌లో షట్టర్లు దించిన కొట్ల ముందు, కాలిబాట మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ నేను నెలకొకసారైనా ఆగే దుకాణం ఒకటుంది. దుకాణమంటే నీలం టార్పాలిన్, దాని మీద సైజును బట్టి పేర్చిన దొంతరలు. వైద్యం పక్కన వంటలు, వంటల పక్కన కంప్యూటర్లు. వంగి వెతకాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టమే.

మొన్న ఇంగ్లండు ఊళ్ల పేర్ల నిఘంటువు దొరికింది. నూట యాభై అని చెప్పి ఎనభైకి ఇచ్చాడు. అంత తేలిగ్గా దిగివచ్చినప్పుడే నాకు అనుమానం రావలసింది.

మా అన్నయ్య కూతురు యార్క్‌లో చదువుతోంది. ఆ పేరు చూద్దామని తిరగేస్తే పుస్తకం ‘డబ్ల్యూ’ మధ్యలోనే ఆగిపోయింది. సరే, అమ్మాయి దిగిన గాట్విక్ విమానాశ్రయమైనా చూద్దామనుకున్నాను. పాత ఇంగ్లీషులో ‘గాట్’ అంటే మేక, ‘విక్’ అంటే పాడి దొడ్డి. 1241 నాటి రాతలో పేరు చివర ‘కె’ ఒక్కటే. ‘సి’ తర్వాత వచ్చి చేరింది. ఆ చోట 1891లో గుర్రప్పందేల మైదానం, 1930లలో విమానాశ్రయం వెలిశాయి. ఫోనులో చెబితే మా వదిన, “అంత డబ్బు పోసి పిల్లను మేకల దొడ్డిలో దించామా!” అంది.

లండన్‌లోని చిస్విక్, ఉత్తర ఇంగ్లండులోని కెస్విక్ రెండూ చీజు తయారైన దొడ్లే. ఉత్తరాన స్థిరపడిన స్కాండినేవియా వాళ్ల నోట ‘చ’ కాస్తా ‘క’ అయింది. రాతలో మిగిలిన ‘డబ్ల్యూ’ నోట్లో మాత్రం లేదు: చిజిక్, కెజిక్ అంటారు.

ముప్పై ఏళ్లు రెవెన్యూ కార్యాలయంలో పహాణీలు రాసినవాణ్ని, నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. ఊరివాళ్లు చెప్పింది గుమాస్తా చెవికి ఎలా తాకితే కాగితం మీద అలా పడుతుంది. 1086 నాటి ఇంగ్లండు భూముల లెక్కలో, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఆ దేశాన్ని గెలిచిన నార్మన్ల గుమాస్తాలు చేసిందీ అదే. గొల్లకొండ గోల్కొండ కాలేదా? అంతదాకా ఎందుకు, ఈ వీధిలోనే ఒక బోర్డు మీద ‘అబిడ్స్’, ఇంకో బోర్డు మీద ‘ఆబిడ్స్’.

మరుసటి ఆదివారం పేజీల సంగతి అడిగితే పెద్దాయన ఏమాత్రం తొణకలేదు. “అందుకే కదా సార్ ఎనభై! పూర్తి పుస్తకమైతే నూట యాభైకి పైసా తగ్గేవాణ్ని కాదు.” వాపసు లేదు. ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను, అందులో ఒకటి ఆ జవాబుకే. యార్క్ సంగతి అమ్మాయి అక్కడే కనుక్కుని చెబుతానంది.