శుక్రవారం మ్యూజియం టూర్ అని అమ్ముతున్నారు, డబ్బులు కట్టకండి

హైదరాబాద్‌లో ఒక్కరోజు టూర్ ప్యాకేజీల కోసం చూస్తున్నవాళ్ళు ఇది చదివాకే బుక్ చేస్కోండి. "ఆయుధాలు, నిజాం చరిత్ర, అన్ని మ్యూజియాలు ఒకే రోజులో, మనిషికి 599, ఎంట్రీ టికెట్లు, ఏసీ బండి, గైడు అన్నీ కలిపే" అని వాట్సాప్‌లో ఒక పోస్టర్ తిరుగుతోంది. పేరు రాయట్లేదు, ఎందుకంటే రేపు ఇంకో పేరుతో ఇదే పని చేస్తారు, అందుకే గుర్తులు చెప్తున్నా.

మా బాబాయి ఆర్మీలో చేసి రిటైరయ్యాడు, కరీంనగర్ నుంచి వచ్చాడు, ఆయనకి కత్తులూ ఫిరంగులూ అంటే చిన్నపిల్లాడి సరదా. పోస్టర్‌లో ఏమో సాలార్‌జంగ్‌లో ఆయుధాల గ్యాలరీ, చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీలో నిజాం మ్యూజియం, చివర్లో గోల్కొండ అని రాశారు. డేట్ కూడా వాళ్ళే ఇచ్చారు, "ఫ్రైడే రండి సార్, వీకెండ్ రష్ ఉండదు" అని.

రష్ ఎందుకుంటుంది, శుక్రవారం సాలార్‌జంగ్‌కి సెలవు, చౌమహల్లాకి సెలవు, నిజాం మ్యూజియానికీ సెలవు. పబ్లిక్ గార్డెన్స్‌లో ఈజిప్టు మమ్మీ ఉండే స్టేట్ మ్యూజియం కూడా అంతే. ఇదేం రహస్యం కాదు, టూర్లు నడిపేవాడికి తెలీకపోయే సంగతి అసలే కాదు. ఢిల్లీ వైపు మ్యూజియాలకి సోమవారం సెలవు కదా, ఆ లెక్కలో ఉండే బయటివాళ్ళే ఎక్కువ పడుతున్నారు, మా బండిలో నాగ్‌పూర్ ఫ్యామిలీ ఒకటి, పిల్లలతో పాపం.

ఏసీ బండి అన్నది ఏసీ లేని టెంపో. సాలార్‌జంగ్ గేటు ముందు ఆపి, ఆ గైడ్ అనే కుర్రాడు "అరె ఈరోజు సడెన్‌గా క్లోజ్ చేశారు" అని మనకన్నా ఎక్కువ ఆశ్చర్యపోయాడు చూడండి, బాబాయి ఒక్క మాట అనలేదు, గేటు మీదున్న బోర్డు వైపు వేలు చూపించి ఊరుకున్నాడు. డ్రైవర్‌ని అడిగితే "నాకేం తెల్వద్ సార్, యాడికి పొమ్మంటే ఆడికి పోతా" అన్నాడు, అతని తప్పేం లేదు.

తర్వాత మొదలైంది అసలు టూర్. చార్మినార్ దగ్గర ముత్యాల షాపు, అక్కడ్నించి అత్తరు షాపు, అక్కడ్నించి ఇంకో ముత్యాల షాపు, కొనకపోతే బయటికి పోనివ్వరు, టీ ఇస్తారు, కూర్చోబెడతారు. మ్యూజియాలు మూసున్న రోజే పెట్టారంటే ఎందుకో మీకే అర్థమవుద్ది, వాళ్ళ పైసలు టికెట్లలో లేవు, షాపుల కమిషన్లో ఉన్నాయి.

గోల్కొండకి సాయంత్రం తీసుకెళ్ళారు, అరగంటలో రమ్మన్నారు. అరగంటలో ఏం చూస్తాం? ఔరంగజేబు సైన్యం 1687లో ఎనిమిది నెలలు చుట్టుముట్టి కూడా లోపలివాడు తలుపు తీస్తే గానీ పట్టలేకపోయిన కోట అది. కింద చప్పట్లు కొడితే కోట పైకొసన ఉండే బాలాహిస్సార్ దాకా వినిపించడం, రామదాసు జైలు, ఏనుగులు గుద్దకుండా తలుపులకి కొట్టిన ఇనుప మేకులు, ఇవి కూడా గైడ్ చెప్పలేదు, బాబాయే నాగ్‌పూర్ పిల్లలకి చెప్పాడు. ఫిరంగులున్న బురుజుల వైపు పోనేలేదు. పైగా "టికెట్లు కలిపే" అన్నవాడు కోట టికెట్ మా చేతే కొనిపించాడు.

డబ్బులు వెనక్కి అడిగితే ముందు ఫోన్ ఎత్తలేదు, తర్వాత "క్లోజింగ్ మా చేతిలో లేదు, కండిషన్స్‌లో ఉంది" అని, చివరికి నెక్స్ట్ టూర్‌కి 100 రూపాయల కూపన్ అంట, ఎవడికి కావాలి!

గుర్తులు ఇవి: కంపెనీ అకౌంట్‌కి కాకుండా ఎవరిదో పర్సనల్ నంబర్‌కి యూపీఐ చేయమంటారు, జీఎస్టీ బిల్లు అడిగితే టాపిక్ మారుస్తారు, ఏ టైంకి ఎక్కడుంటారో రాసివ్వరు, "షాపింగ్ స్టాప్" అని ఎక్కడో చిన్నగా ఉంటుంది. కట్టేముందు "ఈ తేదీన ఏవేవి తెరిచుంటాయి" అని మెసేజ్‌లో రాసి అడగండి, ఫోన్లో వద్దు, రాతలో ఉంటేనే రేపు పనికొస్తుంది. ఆల్రెడీ పడినవాళ్ళు పోస్టర్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు పెట్టుకుని 1915కి చేయండి, అది కేంద్రం వాళ్ళ వినియోగదారుల హెల్ప్‌లైన్. నేను కంప్లయింట్ పెట్టా, ఇంకా తేలలేదు.

నిజానికి ఇది సొంతంగా చేస్తే ఇంకా చవక. శుక్రవారం కాకుండా మెట్రోలో ఎంజీబీఎస్ దిగితే సాలార్‌జంగ్ దగ్గరే. మధ్యాహ్నం 12 కొట్టేలోపు మ్యూజియంలో ఉండే గడియారం ముందు చోటు పట్టండి, లోపల్నించి బొమ్మ వచ్చి గంట కొడుతుంటే జనం మామూలుగా ఉండరు. తర్వాత ఆటోలో పురానీ హవేలీ, ఆరో నిజాం బట్టల బీరువాలు ఒక హాలంతా ఉంటాయి, అక్కడ్నించి చౌమహల్లా. గోల్కొండ ఇంకో రోజుకి వదిలేయండి, రెండూ కలపొద్దు, కాళ్ళు పడిపోతాయి.

వాళ్ళు మాత్రం ఆగలేదు. నిన్న రాత్రి కూడా స్టేటస్‌లో అదే పోస్టర్, వచ్చే శుక్రవారానికి "నాలుగే సీట్లు" అని.