లాస్ పాల్మాస్‌లో మన్యానా, బిల్లు 935 యూరోలు

పని ఆలస్యం చేసినవాడే దానికి “అర్జెంటు చార్జీ” వేయడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. 150 యూరోలు. ఆ బిల్లు ఇప్పటికీ నా పర్సులోనే ఉంది. ఎవరైనా పడవ ప్రయాణం ఎలా జరిగిందని అడిగితే ముందు అదే తీసి చూపిస్తున్నాను. అట్లాంటిక్ గురించి తర్వాత చెబుతున్నాను.

విషయం ఇది. రాటర్‌డ్యామ్‌లో నాకు పరిచయమైన ఒక డచ్ దంపతులకి పన్నెండు మీటర్ల తెరచాప పడవ ఉంది. ఇద్దరూ రిటైరయ్యారు. స్పెయిన్ వాళ్ళ కెనరీ దీవుల నుంచి కరీబియన్‌లోని బార్బడోస్ దాకా అట్లాంటిక్ దాటడానికి ఇద్దరు సాయం కావాలన్నారు. నేను సరేనన్నాను. మా ఆవిడ తమ్ముడు ఐండ్‌హోవెన్‌లో ఉంటాడు, ఈత వచ్చు, సెలవు ఉంది, వాడూ సరేనన్నాడు. ఒప్పందం తలకి రోజుకి 25 యూరోలు. అందులో తిండి, డీజిల్, రేవు అద్దె అన్నీ కలిసి. పడవ రిపేర్లు మాత్రం ఓనరువి. ఈ చివరి మాట బయల్దేరే ముందే మాట్లాడుకోండి, లేకపోతే సముద్రం మధ్యలో మాట్లాడుకోవాల్సి వస్తుంది.

కాకినాడలో మా అత్తగారికి ఫోన్ చేసి చెప్పడం అన్నిటికంటే పెద్ద పని. ధైర్యం చెబుదామని 2017లో గోవా నుంచి తారిణి అనే పడవలో ఆరుగురు నేవీ ఆడపిల్లలు బయల్దేరి, 2018 మే నాటికి భూగోళం చుట్టి వచ్చారని, అందులో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారని చెప్పాను. ఆవిడ అంతా విని, “వాళ్ళు నేవీ వాళ్ళయ్యా. మీరు సాఫ్ట్‌వేరు” అన్నారు.

నవంబరు 27న కెనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్‌లో దిగాం. ఆమ్‌స్టర్‌డ్యామ్ నుంచి టికెట్ 143 యూరోలు. ఆ తేదీ కావాలనే చూసుకున్నాం. 1986 నుంచి ప్రతి నవంబరులో ఇక్కడి నుంచి కరీబియన్‌కి పడవల ర్యాలీ బయల్దేరుతుంది. అది వెళ్ళేదాకా రేవులో చోటు దొరకడం కష్టం. అది వెళ్ళిపోయాక సగం రేవు మనదే. పైగా కరీబియన్‌లో తుపాన్ల కాలం నవంబరు 30 దాకా ఉంటుంది, తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు డిసెంబరు నుంచి కుదురుకుంటాయి. తొందరపడి ముందు వెళ్ళినా లాభం లేదు.

మొదటి మూడు రాత్రులు పడవలో రంగు వాసన ఉందని లాస్ కాంతెరాస్ బీచి వెనక గది తీసుకున్నాం. రాత్రికి 58 యూరోలు, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. బీచి మాత్రం చాలా బాగుంది, ఊరి మధ్యలో అంత శుభ్రమైన ఇసుక నేనెక్కడా చూడలేదు. గదికి పెట్టిన 174 యూరోలు దండగ. పడవలో ఆ రంగు వాసన భరించి ఉంటే సరిపోయేది.

పడవలో రోజులు ఎలా గడుస్తాయంటే, నలభై చదరపు మీటర్లు కూడా లేని ఇంట్లో నలుగురు, అందులో ఏ వస్తువు కావాలన్నా ఇంకో మూడు వస్తువులు తీయాలి. ఉప్పు కావాలంటే మా బామ్మర్ది పరుపు ఎత్తాలి. టాయిలెట్‌కి చేతి పంపు. దాని నియమం కెప్టెన్ గారు, అంటే ఆ డచ్ ఆయన, మొదటి రోజే చెప్పారు: ముందు నోట్లోంచి వెళ్ళనిది ఏదీ అందులో పడకూడదు. టాయిలెట్ కాగితానికి వేరే సంచీ. మా వాడు ఆ సాయంత్రమే రేవులో స్నానాల గదుల దారి కనుక్కుని, ఆ తర్వాత రేవులో ఉన్నన్నాళ్ళూ అక్కడికే వెళ్ళాడు.

ఇక మన్యానా సంగతి.

చుక్కానిని తిప్పే ఆటోపైలట్‌కి ఒక చెయ్యి లాంటిది ఉంటుంది, నూనె ఒత్తిడితో నడుస్తుంది. దాని కింద నూనె కారుతోంది. అది లేకుండా బయల్దేరకూడదా అంటే బయల్దేరవచ్చు, కానీ మూడు వారాలు పగలూ రాత్రీ ఎవరో ఒకరు చక్రం పట్టుకునే ఉండాలి. నలుగురిలో ఇద్దరు అరవై దాటినవాళ్ళు. మా వాడు రేవులో కట్టేసిన పడవలోనే తల తిరుగుతోందంటున్నాడు. కాబట్టి బాగు చేయించాల్సిందే.

దగ్గరలో ఒక మెకానిక్ ఉన్నాడు. పేరు రాయను, మంచి పేరున్నవాడే. వచ్చి చూశాడు, చెయ్యి విప్పుకున్నాడు, 380 యూరోలు అవుతుంది, రెండు రోజులు అన్నాడు. మాకు డిసెంబరు 6న బయల్దేరాలని ఉంది, అప్పటికి ఇంకా ఐదు రోజులు. నిశ్చింతగా ఉన్నాం. మూడో రోజు వెళ్తే “మన్యానా” అన్నాడు. స్పానిష్‌లో రేపు. నాలుగో రోజూ మన్యానా. ఐదో రోజు శనివారం, ఆరో రోజు ఆదివారం, తర్వాత రెండు రోజుల సెలవులు. స్పెయిన్‌లో డిసెంబరు 6 రాజ్యాంగ దినం, 8 మేరీమాత పండగ. వాటి మధ్యలో పడ్డ రోజు కూడా సెలవులాగే గడుస్తుందని మాకెవరూ చెప్పలేదు. మీకు నేను చెబుతున్నాను, డిసెంబరు మొదటి వారంలో అక్కడ ఏ రిపేరూ పెట్టుకోకండి.

చిన్నప్పుడు మా వీధిలో తలుపుల మీద సుద్దతో “ఓ స్త్రీ రేపు రా” అని రాసేవారు. దెయ్యం రోజూ వచ్చి, అది చదువుకుని, రోజూ వెనక్కి వెళ్ళిపోయేదట. ఆ వారం ఆ దెయ్యం మీద నాకు జాలి కలిగింది.

కెప్టెన్ గారు ఊరుకోబెట్టాలని కొలంబస్ కథ చెప్పారు. 1492 ఆగస్టులో ఆయన మూడు ఓడల్లో ఒకటైన పింటాకి చుక్కాని చెడిపోతే ఈ దీవిలోనే బాగు చేయించారట. ఇక్కడికి దగ్గరలోని లా గొమేరా దీవి నుంచి వాళ్ళు అసలు ప్రయాణం మొదలుపెట్టింది సెప్టెంబరు 6న. అంటే ఆయనకీ నెల పట్టింది. మా వాడు తల కూడా ఎత్తకుండా, “అప్పుడు చేసింది ఈయన తాతే అయ్యుంటాడు బావా” అన్నాడు. తెలుగులో అన్నాడు కాబట్టి సరిపోయింది.

వాడి దిగులుకి కారణం ఉంది. తిరుగు టికెట్ జనవరి 2కి కొన్నాడు, 540 యూరోలు, డబ్బు వెనక్కి రానిది. చవగ్గా వచ్చిందని కొన్నాడు. సముద్రం మీద ప్రయాణానికి తారీఖు పెట్టుకోకురా అని నేను అప్పుడే చెప్పాను. చెప్పానని ఇప్పుడు గుర్తు చేస్తే మాట్లాడటం మానేస్తాడు.

చివరికి డిసెంబరు 11న చెయ్యి తెచ్చి బిగించాడు. బిల్లు చూడండి. ఏం చెడిపోయిందో కనుక్కోవడానికి మూడు గంటలు, గంటకి 65 చొప్పున 195. పనికి ఐదు గంటలు, 325. సామాన్లు 164. అర్జెంటు చార్జీ 150. రానూపోనూ ఖర్చు 40, వాళ్ళ షెడ్డు మా పడవకి రెండు వందల మీటర్లు. మొత్తం 874, దాని మీద కెనరీ పన్ను 7 శాతం, వెరసి 935 యూరోల 18 సెంట్లు. కెప్టెన్ గారు రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా కార్డు ఇచ్చేశారు. వాళ్ళావిడ మాత్రం లోపలికి వెళ్ళి గిన్నెలు గట్టిగా కడిగారు. పక్క పడవ పోలండ్ ఆయన వచ్చి, లోపల మార్చేది రబ్బరు రింగులే, ఆ కిట్ తన దగ్గర ఉంది, 28 యూరోలు అని చూపించాడు. ఈ మాట ముందు చెప్పొచ్చు కదయ్యా. రేవులో ఏ రిపేరుకైనా ముందు అటు రెండు పడవలు, ఇటు రెండు పడవలు తిరిగి అడగండి, ఆ తర్వాతే మెకానిక్‌ని పిలవండి. రేటు కాగితం మీద రాయించుకోండి. మేము నోటి మాట నమ్మాం.

ఆ ఊరి మీద నాకు కోపం మిగలకపోవడానికి కారణం ఒక కూరగాయల ఆవిడ. రేవు నుంచి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో సెంట్రల్ మార్కెట్ ఉంది. అక్కడ ఆవిడకి డెబ్బై ఏళ్ళు ఉంటాయేమో. మాకు స్పానిష్ రాదు, ఆవిడకి ఇంకేదీ రాదు. “బార్కో, అట్లాంటికో” అన్నాను. ఆవిడ వెంటనే చేతిలో ఉన్న టమాటాలు కింద పెట్టేసి, ఎన్ని రోజులని వేళ్ళతో అడిగింది. ఇరవై ఐదు చూపించాం. ఫ్రిజ్‌లో ఒక్కసారి కూడా పెట్టని సరుకే కావాలి, ఒకసారి చల్లబడిన కూరగాయ బయట పెడితే తొందరగా కుళ్ళుతుంది. అది మేము ఆవిడకి చెప్పాలనుకున్నాం. ఆవిడే మాకు చెప్పింది. లోపలి నుంచి కడగని బంగాళాదుంపలు, మట్టితో ఉన్న క్యారెట్లు తెచ్చింది. టమాటాలు నాలుగు రకాలు ఏరింది: పండినవి, దోరవి, పచ్చివి, రాయిలా ఉన్నవి. ఒక్కో సంచీ మీద పెన్సిల్‌తో 5, 10, 15, 20 అని రాసింది. ఏ రోజు ఏది విప్పాలో అది.

కెప్టెన్ గారికి పడవ వెనక అరటి గెల వేలాడదీసి ఫోటో తీసుకోవాలని ముచ్చట. గెల అడిగితే ఆవిడ అమ్మనంది. గెలంతా ఒకే వారంలో పండుతుంది, నలుగురు తినలేరు అని సైగ చేసి, వేరువేరు పచ్చిదనం ఉన్న హస్తాలు నాలుగు ఇచ్చింది. కొనడానికి వచ్చినవాడికి ఎక్కువ అమ్మనన్న మనిషిని చాలాకాలానికి చూశాను. అన్నీ కలిపి 86 యూరోల 40. నిమ్మకాయలు ఆరు, కొత్తిమీర కట్ట ఊరికే ఇచ్చింది. అవును, కొత్తిమీర. కెనరీ వాళ్ళు దాంతో పచ్చడి చేస్తారు, మోహో వెర్దే అంటారు. ఎర్రది కూడా ఉంటుంది, వెల్లుల్లి, ఎండు మిరపతో. తోలు ముడతలు పడేలా ఉప్పునీళ్ళలో ఉడికించిన చిన్న బంగాళాదుంపల మీద వేసుకు తింటారు. మన వెల్లుల్లి కారానికి పినతల్లి కూతురు. ఆ పచ్చడి తిన్న రోజు మా వాడు మొదటిసారి నవ్వాడు. గోఫియో అని వేయించిన ధాన్యం పిండి కూడా కొనండి. అచ్చం పేలపిండే. తొలి ఏకాదశి కాకపోయినా రాత్రి కాపలాలో పాలలో కలుపుకుని తాగాం.

కందిపప్పు ఇంటి నుంచి మోయక్కర్లేదు. లాస్ పాల్మాస్‌లో తరతరాలుగా సింధీ వ్యాపారులున్నారు. 1852లో ఈ దీవుల రేవుల్ని పన్నుల్లేని రేవులు చేశాక వచ్చిన వ్యాపారం వాళ్ళని ఇక్కడిదాకా తెచ్చింది. ఒక కొట్లో పప్పు, చింతపండు, అప్పడాలు, ఆవాలు కొన్నాం, 41 యూరోల 75. కరివేపాకు లేదు. ఆవకాయ, కందిపొడి, మూడు లీటర్ల ప్రెస్టీజ్ కుక్కర్ మాత్రం నేను ఇంటి నుంచి తెచ్చాను. పడవలో పొయ్యి ఊయలలా ఊగుతుంది, అలలకి గిన్నె తొణికితే ఒళ్ళు కాలుతుంది. మూత బిగిసే కుక్కర్ కంటే మంచి గిన్నె సముద్రం మీద లేదు. కెప్టెన్ గారి భార్య మొదట విజిల్‌కి ఉలిక్కిపడ్డారు. వారం తిరక్కుండా కందిపొడి బ్రెడ్డు మీద చల్లుకుంటున్నారు.

మిగతా సరుకు సూపర్ మార్కెట్ వాళ్ళు పడవ దాకా తెచ్చి ఇచ్చారు, డెలివరీ ఉచితం. అట్టపెట్టెలు ఒక్కటి కూడా పడవ ఎక్కించకూడదు, వాటి మడతల్లో బొద్దింకల గుడ్లుంటాయి. పాంటూన్ మీదే, అంటే రేవులో పడవలు కట్టే తేలే బల్ల మీదే, అన్నీ విప్పి, డబ్బాల మీద కాగితాలు పీకేసి మార్కర్‌తో పేర్లు రాశాం. మా వాడు కోపంగా ఉన్న రోజున రాశాడు, అందుకే సముద్రం మధ్యలో “శనగలు” విప్పితే పీచ్ ముక్కలు వచ్చాయి. ట్యాంకులో 350 లీటర్ల నీళ్ళు, పైన ఎనిమిది లీటర్ల సీసాలు ముప్పై. అంటే 590 లీటర్లు, ఇరవై ఐదు రోజులకి మనిషికి రోజుకి ఆరు లీటర్ల లోపు. గిన్నెలు సముద్రం నీళ్ళతోనే.

డిసెంబరు 13న పొద్దున్నే తాళ్ళు విప్పాం. సముద్రం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, బాగుంది. ఇరవై అని రాసిన సంచీలో టమాటాలు ఇరవయ్యో రోజుకే పండాయి, వాటితో పప్పు చేశాను.

బార్బడోస్‌లో బ్రిడ్జ్‌టౌన్ చేరింది జనవరి 4 ఉదయం. మా వాడి విమానం రెండు రోజుల క్రితమే వెళ్ళిపోయింది. కొత్త టికెట్ 695. నిజం ఒప్పుకోవాలి, ఆ ఆటోపైలట్ ఇరవై రెండు రోజులూ పడవని తిన్నగా నడిపింది, ఒక్క చుక్క నూనె కారలేదు. నాకు ఇంకా మండుతున్నది అందుకే. పని చెడగొట్టి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాడిని.