గ్వాంగ్‌జౌలో చింగ్‌జన్ బోర్డు కింద

సరుకు చూసుకోవడానికి చైనా పోతున్నానంటే మా బజారులో ప్రతి ఒక్కరూ ఇచ్చిన సలహా ఒక్కటే: "తిండికి చచ్చిపోతావ్, అన్నీ కట్టుకుని పో." అమ్మీ మాట నమ్మి చెక్కలు, నిమ్మకాయ ఊరగాయ, వేయించిన అటుకులు, అవన్నీ కలిపి నాలుగు కిలోలు మోసుకుపోయా. అందులో మూడు కిలోలు కర్నూలుకి తిరిగొచ్చాయి.

నాది హార్డ్‌వేర్ షాపు. పోయింది 2025 అక్టోబర్‌లో, గ్వాంగ్‌జౌలో జరిగే వర్తక సంత, కాంటన్ ఫెయిర్ మొదటి విడతకు. కాంటన్ అంటే గ్వాంగ్‌జౌ పాత పేరే. 1957లో మొదలైన ఈ సంతను ఇప్పుడు ఏటా రెండుసార్లు, ఒక్కోసారి మూడు విడతలుగా పెడతారు. పనిముట్లు, యంత్రాలు మొదటి విడతలోనే వస్తాయి. నాతో మా బజారులోనే పెయింట్ల షాపు నడిపే అన్న వచ్చాడు. నేను హలాల్ తప్ప ముట్టను. అన్న పంది, ఎద్దు రెండూ ముట్టడు. ఇద్దరికీ ఒకే బల్ల మీద కుదిరే భోజనం వెతకడమే ఈ యాత్రలో అసలు పని అయింది. సరుకు బేరాలు దాని ముందు తేలిక.

శంషాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగా పోయాం. కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి నేరుగా విమానం మళ్లీ మొదలైంది అదే నెల 26న. మేం తిరిగొచ్చేసిన వారానికి.

మొదటి తప్పు గది దగ్గరే చేశాం. ఫెయిర్ జరిగే పజౌకి దగ్గరని అక్కడే హోటల్ తీసుకున్నాం. ఫెయిర్ రోజుల్లో ఆ చుట్టుపక్కల గది రేట్లు పెళ్లిళ్ల సీజన్లో ఫంక్షన్ హాలు రేట్లలాంటివి. బుకింగ్‌లో పొద్దున్నే హలాల్ టిఫిన్ అని రాసుంది. పోయి చూస్తే ఒక మూల పళ్లెం ముందు 'హలాల్' అని చీటీ ఉంది. దాని పక్క పళ్లెంలో పంది మాంసం ముక్కలు, రెండిటికీ కలిపి ఒకటే పటకారు. గుడ్లు వేయించేది కూడా అదే పెనం మీద. అడిగితే ఆ అమ్మాయి పాపం నవ్వి, చీటీని ఇంకొంచెం ముందుకు జరిపింది. ఆ పూట ఇద్దరం అరటిపండ్లు, ఉడకబెట్టిన గుడ్లతో సరిపెట్టాం. రెండో రాత్రి అయ్యాక గది ఖాళీ చేసి, హలాల్ తిండి తేలిగ్గా దొరికే షియావ్‌బే పేటకి మారాం. మొదటిసారి పోయేవాళ్లు ఆ రెండు రాత్రుల డబ్బు మిగుల్చుకోండి.

అక్కడి వంట గురించి రెండు ముక్కలు చెప్పాలి. చైనీస్‌లో మాంసాన్ని 'రౌ' అంటారు. ఏ జంతువుదో చెప్పకుండా ఉత్త 'రౌ' అంటే పంది అనే లెక్క. కాబట్టి "రౌ ఉందా" అని అడిగి, లేదంటే నిశ్చింతగా తినేయడం కుదరదు. ఆకుకూర వేపుడు అడిగినా పంది కొవ్వులో వేయించి ఉండొచ్చు, దాంట్లో ఒక గరిటె వంట సారా పడి ఉండొచ్చు. 'బూ ఛి జూరౌ', పంది తినను, అన్న మాట నేర్చుకుని పోయా. చెబితే పంది ముక్కలైతే తీసేస్తారు. పెనం మాత్రం మారదు.

అందుకని వెతకాల్సింది ఒక్క మాట: 'చింగ్‌జన్'. శుభ్రం, సత్యం అని ఆ రెండు అక్షరాల అర్థం. చైనాలో హలాల్‌కి వాడే మాట ఇదే. అరబ్బీలో హలాల్ అని రాసుంటుందని వెతికితే చాలా షాపులు కంటికి ఆనవు. 2019లో బీజింగ్‌లో ఆ అరబ్బీ రాతలు బోర్డుల మీద నుంచి తీయించారు. గ్వాంగ్‌జౌలో నేను తిన్న షాపుల్లో కూడా ఎక్కువ వాటికి ఉత్త చైనీస్ అక్షరాలే. కాబట్టి రూపం గుర్తుపెట్టుకోవాలి. మొదటి అక్షరానికి ఎడమ పక్కన మూడు నీటి చుక్కలు ఉంటాయి. రెండోది రెండు పొట్టి కాళ్ల మీద నిలబెట్టిన అరల బీరువాలా ఉంటుంది. ఫోన్‌లో ఫొటో పెట్టుకుని బోర్డుతో పోల్చుకున్నాం. రెండో రోజుకి అన్నే నాకన్నా ముందు కనిపెట్టేవాడు. "భాయ్, మూడు చుక్కలు!" అని రోడ్డు అవతల నుంచి అరిచేవాడు.

గూగుల్ మ్యాప్‌ని అక్కడ నమ్ముకోవద్దు. చైనా వాళ్ల ఆమ్యాప్‌లో ఆ రెండు అక్షరాలు అతికించి వెతికితే చుట్టుపక్కల షాపులన్నీ వస్తాయి. డబ్బుకి అలీపే. మన కార్డు దానికి ఊర్లోనే కలిపేసుకుని పోవాలి. చిన్న నూడుల్స్ షాపు నుంచి పండ్ల బండి దాకా గోడకి అంటించిన కోడ్ స్కాన్ చేయడమే. నోటు ఇస్తే చిల్లర కోసం పక్క షాపుకి పరిగెత్తుతారు.

ఇక అసలు సంగతి, లాన్‌జౌ నూడుల్స్ షాపులు. గ్వాంగ్‌జౌలో ఏ పేటలో దిగినా నాలుగు వీధులు తిరిగేలోపు ఒకటి తగులుతుంది. పేరు లాన్‌జౌ అనే ఊరిదైనా నడిపేవాళ్లలో చాలామంది చింఘాయ్ రాష్ట్రంలోని హువాలొంగ్ వైపు నుంచి వచ్చిన ముస్లింలు. చైనీస్ మాట్లాడే ఈ హుయ్ ముస్లింలు దేశం మొత్తం మీద కోటికి పైనే. మొగుడు పిండి లాగుతాడు, పెళ్లాం తలకి గుడ్డ కట్టుకుని కౌంటర్లో కూర్చుంటుంది, పిల్లాడు మూల బల్ల మీద హోంవర్క్ చేస్తుంటాడు. మా పాతబస్తీ హోటలుకి, దానికి తేడా గోడ మీద మక్కా బొమ్మ పక్కన వేలాడే ఎర్ర కాగితం దీపాలే.

ఆర్డర్ చెప్పగానే పిండి ముద్దని రెండు చేతులతో లాగి, మడిచి, బల్ల మీద ఫట్టుమని కొట్టి మళ్లీ లాగుతాడు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఎంత సన్నం కావాలో ముందే చెప్పాలి. 'షీ' అంటే సన్నం, 'మావ్ షీ' అంటే దారమంత సన్నం, 'దా క్వాన్' అంటే బెల్టంత వెడల్పు. మంచి గిన్నెకి వాళ్లు ఐదు రంగుల గుర్తు చెబుతారు: తేటగా ఉన్న చారు, తెల్ల ముల్లంగి, ఎర్ర మిరప నూనె, పచ్చ కొత్తిమీర, పసుపు పచ్చని నూడుల్స్. నేను తిన్న వాటిలో రెండు షాపులు ఈ పరీక్షలో తప్పాయి. చారు బురదగా ఉంది, ముల్లంగి జాడ లేదు. మిగతావి బాగున్నాయి. షియావ్‌బే మెట్రో వెనక సందులో ఒకటైతే రోజూ పోవాలనిపించేంత బాగుంది. గిన్నె పదహారు యువాన్లు, మన లెక్కలో రెండొందల లోపు. బల్ల మీద నల్ల వెనిగర్, మిరప నూనె ఎంత పోసుకున్నా అడిగేవాడు లేడు. ఆ మిరప నూనె ఎర్రగా భయపెడుతుంది కానీ మన గుంటూరు కారం ముందు అది సున్నిపిండి.

చిక్కల్లా అన్నకి. అది ఎద్దు మాంసం నూడుల్స్. "ముక్కలు తీసేయమందాం" అన్నా. ఆయన చారు వైపు చూసి, "ముక్కలు తీస్తే సరే, ఆ నీళ్లు దేంతో కాసినారు భాయ్?" అన్నాడు. ఎముకలతోనే. టమాటా గుడ్డు నూడుల్స్ అని ఉంటే ఆశపడ్డాం. దాంట్లోనూ అదే చారు పోస్తారని సగం తిన్నాక వంటవాడి గరిటె చూసి తెలిసింది. అన్న ఏమీ అనలేదు, గిన్నె పక్కకి జరిపి బయటికిపోయి సిగరెట్ కాల్చుకున్నాడు. ఆ రోజు నాకు చాలా సిగ్గేసింది. హోటల్లో ఒకే పటకారు చూసి నేను చేసిన గోల గుర్తొచ్చింది.

తర్వాత దారి దొరికింది. ఆ షాపుల్లోనే 'దాన్ ఛావ్ ఫాన్' అని గుడ్డు వేసిన అన్నం ఉంటుంది. మన ఎగ్ ఫ్రైడ్ రైస్, సోయా సాస్ లేకుండా. బంగాళదుంప సన్నగా తరిగి వేయించి అన్నం మీద పోసేది ఇంకొకటి. ఇవి చారు లేనివి. పంది తినని, ఎద్దు తినని మనవాళ్లు ఎవరైనా చైనా పోతే ఈ రెండు పేర్లు రాసుకోండి.

ఒక హెచ్చరిక. లాన్‌జౌ అని బోర్డు ఉంటే చాలదు, మూడు చుక్కల అక్షరం కూడా ఉండాలి. ముస్లింలు కానివాళ్లు కూడా ఆ పేరుతో షాపులు పెడుతున్నారు. దేశమంతటికీ వర్తించే హలాల్ చట్టం చైనాలో లేదు, ఏ ఊరి నిబంధనలు ఆ ఊరివి. కాబట్టి నేను చూసుకున్నవి ఇవి: గోడ మీద చింగ్‌జన్ పలక, పిండి లాగేవాడి తల మీద తెల్ల టోపీ, ఫ్రిజ్‌లో బీరు లేకపోవడం. మూడూ ఉంటే కూర్చున్నా. రెండే ఉంటే సలాం చెప్పి చూశా. "వాలైకుం సలాం" అని వచ్చిన ఊపు బట్టి తేలిపోతుంది.

బీరు పరీక్షలో ఎక్కువ తప్పేవి వాయవ్య చైనా షిన్‌జియాంగ్ వాళ్ల హోటళ్లు. అక్కడి ఉయ్ఘూర్ ముస్లింల వంట, మాంసం హలాలే, కానీ చుట్టూ బల్లల మీద సీసాలు. ఇది మీకు అభ్యంతరమైతే అటు పోకండి. నేను మూల బల్ల అడిగి కూర్చున్నా, ఎందుకంటే అన్నకి ఈ యాత్రలో దొరికిన నిజమైన భోజనం అదే. 'దా పాన్ జీ', పెద్ద పళ్లెం కోడి. ఎముకతో సహా నరికిన కోడి, బంగాళదుంప, ఎండుమిర్చి, అనాసపువ్వు, నాలుక తిమ్మిరెక్కించే మిరియం. సగం అయ్యాక ఆ పులుసులోకే వెడల్పు నూడుల్స్ తెచ్చి వేస్తారు. చిన్న పళ్లెం చెప్పినా ఇద్దరికి ఎక్కువే, డెబ్బై యువాన్ల చిల్లర. అన్న చెమటలు తుడుచుకుంటూ, "ఇది మన సంగటిలోకి ఉంటే..." అని మధ్యలో ఆపేశాడు. వాళ్ల పలావు మాత్రం నాకు ఎక్కలేదు. గొర్రె మాంసం, క్యారెట్, బియ్యం, నూనె. మసాలా అడిగితే జీలకర్ర అంటారు. పక్కన దాల్చా లేని పలావు పెళ్లికొడుకు లేని పందిరి.

షియావ్‌బే గురించి. అరబ్బులు, ఆఫ్రికా వ్యాపారులు, తుర్కీ వాళ్లు, మన పాకిస్తాన్, బంగ్లా సోదరులు, అందరూ అక్కడే. హలాల్ తిండికి ఊళ్లో అంత తేలికైన పేట ఇంకోటి లేదు. పజౌకి మెట్రోలో రైలు మారి పోవాలి, దూరమే. అయినా సరే, గది ఇక్కడే తీసుకోవాలి. పగలు ఫెయిర్ లోపలే హలాల్ కౌంటర్ ఉంది, క్యూ పెద్దది, రుచి అంతంతమాత్రం. రాత్రికి పేటకి వచ్చేస్తే చాలు. యెమెన్ మందీ తిన్నాం. బాగుంది, కానీ హైదరాబాద్ బార్కస్‌లో తినేవాళ్లకి కొత్తేమీ కాదు, ధర రెట్టింపు. తుర్కీ రొట్టెలు పర్వాలేదు. ఇండియన్ హోటల్ ఒకదానికి మొహమాటానికి పోయాం, బిర్యానీ అని పసుపు అన్నం పెట్టి తొంభై ఎనిమిది యువాన్లు తీసుకున్నారు. పేరు చెప్పను, అంత దూరం పోయి బిర్యానీ అడిగిన తప్పు మాది.

శుక్రవారం, 17వ తేదీ, ఫెయిర్ ఎగ్గొట్టి షియన్‌షియన్ మసీదుకి పోయా. షియావ్‌బే నుంచి ఒక స్టేషన్, మారి ఇంకో స్టేషన్, యూషియూ పార్క్ దగ్గర దిగి నడవాలి. సహాబీ, అంటే ప్రవక్త సహచరుడు, సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ సమాధి ఇక్కడుందని అక్కడివాళ్ల నమ్మకం, ఆయన సమాధి మదీనాలో ఉందని మనం చదువుకున్నా. చెట్ల మధ్య ఆవరణ, జనం లోపల పట్టక బయట చాపలు పరుచుకున్నారు. నా ఒక పక్క నైజీరియా ఆయన, ఇంకో పక్క హుయ్ తాత. నమాజు అయ్యాక గేటు బయట అసలు పండగ. బొగ్గుల మీద గొర్రె మాంసం ఊచలు, గంపల్లో నువ్వులు చల్లిన 'నాంగ్' రొట్టెలు, ఎండు ద్రాక్ష, వాల్‌నట్ అచ్చులు. ఆరు రోజుల్లో నేను తిన్నవాటిలో మొదటి బహుమతి ఏ హోటలుకీ కాదు, ఆ ఊచలకే. ఫెయిర్‌కి పోయేవాళ్లు మధ్యలో ఒక శుక్రవారం పడేలా టికెట్ తీసుకోండి.

సాయంత్రం షీమెన్‌కౌ వైపు హ్వాయ్‌షెంగ్ మసీదు. దీన్ని కూడా ఆ సహాబీయే కట్టించాడని చెప్పుకుంటారు. ముప్పై ఆరు మీటర్ల తెల్లటి నున్నని మినార్, ఒకప్పుడు నది ఒడ్డున పడవలకు దారి చూపే దీపం దాని మీదే వెలిగించేవారట. నేను లోపల రెండు రకాతుల నమాజు చదువుకుని వచ్చేదాకా అన్న బయటే నిలబడ్డాడు, వచ్చాక "భాయ్, ఆకలి" అన్నాడు. దగ్గర్లోనే కాంటన్ వంట హలాల్‌గా చేసే పాత హుయ్ భోజనశాల ఉంది. ఆ ఊరి కాల్చిన బాతు హలాల్‌గా దొరకడం అరుదు కాబట్టి పోవచ్చు. సేవ మాత్రం మన సర్కారు ఆఫీసు తీరు, పిలిస్తే పలకరు, బిల్లుకి మాత్రం పరిగెత్తుకొస్తారు.

ఆఖరి రాత్రి షియావ్‌బే సందులోని నూడుల్స్ షాపుకే పోయాం. మేం కూర్చోకముందే కౌంటర్లోని అక్క లోపలికి కేకేసింది, "దాన్ ఛావ్ ఫాన్!" అన్న నా వైపు చూసి మీసం తిప్పాడు. శుక్రవారం కొన్న నాలుగు నాంగ్‌లలో రెండు కర్నూలు చేరాయి. రాయిలా గట్టిపడ్డాయి. అమ్మీ ఒకదాన్ని తిప్పి చూసి, ఎవరు చేశారు, ఎక్కడ చేశారు అని పది ప్రశ్నలు వేసి, తర్వాత చాయ్‌లో ముంచుకుని తింది. రెండోది అన్న వాళ్లింటికి పంపమంది.