ఇంటి బడికి ఒక బైబిలు పాఠ్యక్రమం: 36 వారాలు వాడి చూశాక

పిల్లలను ఇంట్లోనే చదివించుకుంటున్న క్రైస్తవ తల్లిదండ్రులకు లెక్కలు, సైన్సు కంటే బైబిలు పాఠమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. లెక్క తప్పితే తప్పిందని వెంటనే తెలుస్తుంది. విశ్వాసం విషయంలో మాత్రం బిడ్డ అప్పజెప్పింది నోటిమాటో మనసులోని మాటో తేల్చే జవాబుల పుస్తకం ఎక్కడా దొరకదు. ఆ ఇబ్బందితోనే పోయిన విద్యా సంవత్సరం ఒక పాఠ్యక్రమం తెప్పించుకుని, పదేళ్ల అమ్మాయితోనూ ఆరేళ్ల అబ్బాయితోనూ చివరిదాకా నడిపాము. పెట్టెలో తల్లిదండ్రుల పుస్తకం, రెండు వయసులకు రెండు వర్క్‌బుక్కులు, కంఠత వాక్యాల కార్డులు, గోడకు తగిలించే కాలక్రమ పటం, స్టిక్కర్లు అంటించే ప్రగతి పట్టిక ఉన్నాయి. వారానికి 4 పాఠాల చొప్పున 36 వారాల చదువు ఇది.

ముందు గోడ పటం గురించి చెప్పాలి, ఎందుకంటే పెట్టె మొత్తంలో పెట్టిన డబ్బుకు న్యాయం చేసిన వస్తువు అదే. బైబిల్లోని 66 పుస్తకాలు కాలక్రమంలో అమర్చి లేవన్న సంగతి పెద్దవాళ్లలోనే చాలామందికి పట్టదు. రాజుల గ్రంథాలు ఒకచోట, ఆ రాజుల కాలంలోనే మాట్లాడిన ప్రవక్తలు ఎన్నో పుటల అవతల మరోచోట ఉండడం వల్ల, పిల్లల మనసులో అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని కథలుగా మిగిలిపోతాయి. ఈ పటంలో హిజ్కియా రాజు పక్కన యెషయా ప్రవక్త, యోషీయా రాజు పక్కన యిర్మీయా ప్రవక్త కనిపిస్తారు, దావీదు క్రీ.పూ. 1000 దగ్గర, యెరూషలేము పతనం క్రీ.పూ. 586 దగ్గర ఉంటాయి. యోనా ప్రవక్తను రెండవ యరొబాము రాజు కాలంలో చూసి మా అమ్మాయి అచ్చుతప్పని వాదించింది. అమ్మాయి దృష్టిలో యోనా అంటే చేప కథే గాని రాజుల కాలంలో బతికిన మనిషి కాడు. రాజులు రెండవ గ్రంథం 14వ అధ్యాయం 25వ వచనం తీసి ఇస్తే, అమిత్తయి కుమారుడైన యోనా పేరు చదువుకుని కాసేపు ఊరుకుంది. తర్వాత గీత వెంట వేలు జరుపుకుంటూ పోయి, క్రీ.పూ. 612 దగ్గర, యోనా వెళ్లి ప్రకటించిన నీనెవె పట్టణం కూలిందని రాసి ఉన్నచోట ఆగి, "అమ్మా, వీళ్లు యోనా మాట విని మారారు కదా, మళ్లీ ఏమైంది?" అని అడిగింది. ఆ రోజు వర్క్‌బుక్కు పక్కన పెట్టి, నీనెవె నాశనం గురించి చెప్పే నహూము గ్రంథం చదువుకున్నాము.

పాఠాలన్నిటికీ ఆధారం ప్రశ్నోత్తరాల పద్ధతి, అంటే క్రైస్తవ విశ్వాసాన్ని ప్రశ్నలూ జవాబులుగా వల్లె వేయించి నేర్పడం. 17వ శతాబ్దంలో తయారైన వెస్ట్‌మినిస్టర్ లఘు ప్రశ్నోత్తరిలోని 107 ప్రశ్నలను వారానికి 3 చొప్పున 36 వారాలకు సర్దేశారు. కాగితం మీద లెక్క చక్కగా కుదిరింది గాని, ఆరేళ్లవాడి నోటికి మాత్రం కుదరలేదు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నందువల్ల జవాబులను నేనే తెలుగులో చెప్పి వల్లె వేయించాను. దేవుడు అనంతుడు, నిత్యుడు, మార్పు లేనివాడు అని వారం రోజులు గడగడా అప్పజెప్పిన తర్వాత మావాడు "అనంతుడంటే ఎవరమ్మా?" అని అడిగాడు. వాడు దాన్ని ఒక మనిషి పేరనుకున్నాడు. పద్ధతిలో తప్పుందని నేను అనను. 1529లో జర్మనీ మత సంస్కర్త మార్టిన్ లూథరు రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో, ఇంటి యజమాని తన ఇంటివారికి దీన్ని ఎలా నేర్పాలన్న మాట ప్రధాన భాగాల శీర్షికల్లోనే ఉంటుంది. అంటే ఈ పని మొదటి నుంచీ ఇంటిదే. తప్పు వేగంలో ఉంది. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి 129 ప్రశ్నలను 52 ఆదివారాలకు పంచుతుంది. పైగా బతుకులోనూ చావులోనూ నీకున్న ఆదరణ ఏమిటన్న ప్రశ్నతో మొదలవుతుంది. రాత్రి చీకటికి భయపడే పిల్లవాడికి ఆ ప్రశ్న ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. చిన్నవాళ్లున్న ఇంట్లో ఇలాంటిదాన్ని తీసుకుని, వారానికి ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోవడం మేలు.

నాకు అసలు కోపం తెప్పించింది ప్రగతి పట్టిక. వాక్యం కంఠతా పడితే ఒక స్టిక్కరు, ప్రార్థన చేస్తే ఒకటి, దయగల పని చేస్తే ఇంకొకటి. మూడో వారంలో మావాడు తన బొమ్మ కారును అక్క చేతిలో పెట్టి, పరుగున వచ్చి స్టిక్కరు అంటించుకుని, వెనక్కి వెళ్లి కారు తీసేసుకున్నాడు. ధర్మం చేసేటప్పుడు బూర ఊదించుకోవద్దని మత్తయి 6వ అధ్యాయంలో ఉన్న పాఠం సరిగ్గా ఆ మరుసటి వారమే వచ్చింది. కంఠత పట్టినందుకు స్టిక్కరు ఇవ్వండి, తప్పులేదు. ప్రార్థనకు మాత్రం ఇవ్వకూడదు. విచిత్రమేమంటే, తల్లిదండ్రుల పుస్తకంలోని చివరి అధ్యాయం ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయాన్ని చక్కగా వివరిస్తూ, ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమంటుంది. ఆ అధ్యాయం రాసినవారే ఈ పట్టికనూ తయారు చేశారంటే నమ్మబుద్ధి కాదు.

మరో లోటు దుఃఖానికి చోటు లేకపోవడం. ఎన్నో బాధలు పడ్డ యోబు కథకు ఒక్క పాఠమే ఇచ్చారు. కీర్తనల్లో స్తుతులున్నాయి గాని, 150 కీర్తనల్లో సుమారు మూడో వంతుండే విలాపాల ఊసే లేదు. మా మామగారు ఆసుపత్రిలో ఉన్న వారంలో వర్క్‌బుక్కు కృతజ్ఞతకు అయిదు కారణాలు రాయమంది. అమ్మాయి రెండు రాసి మూడు గడులు ఖాళీగా వదిలేసింది. అప్పుడు 88వ కీర్తన చదివాము. అది ఏ ఓదార్పుకూ తిరగకుండా చీకటి మాటతోనే ముగుస్తుంది. "ఇలా కూడా ప్రార్థన చేయొచ్చా?" అని అడిగి, అవునన్నాక, అమ్మాయి తాతయ్య కోసం ఆ ఏడాదంతా ఎన్నడూ చేయనంత సేపు ప్రార్థన చేసింది.

మిగతావి చిన్న విషయాలు. కార్డులు గట్టివి, ఏడాది వాడినా అంచులు చెదరలేదు. వర్క్‌బుక్కు కాగితం పలచన. స్కెచ్ పెన్ను అవతలికి దిగుతుంది.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలున్నవారు పెద్ద వర్క్‌బుక్కు, పటం, తల్లిదండ్రుల పుస్తకం తీసుకుంటే చాలు. విడివిడిగా కూడా అమ్ముతున్నారు. చిన్న వర్క్‌బుక్కులో ఉన్నవన్నీ బొమ్మలకు రంగులు వేసే పనులే కాబట్టి, ఆ వయసు పిల్లలకు పుస్తకంలోంచి కథ చదివి వినిపించి ఖాళీ కాగితం ఇవ్వండి. మేము ఈ ఏడాది అదే పటంతో, వారానికి రెండే పాఠాలు పెట్టుకుని, పోయినసారి వదిలేసిన ప్రవక్తల దగ్గర మొదలుపెట్టాము.